దుకాణదారు కొట్టిన సెంటు

"చిల్లర లేదమ్మా" అన్న మాట వినకుండా మన దేశంలో ఎవరూ పెద్దవాళ్ళు కాలేదు. ఫోన్‌తో స్కాన్ చేసి కట్టడం అలవాటయ్యే దాకా ఆ మాటకి కిరాణా కొట్టులో దొరికే జవాబు ఒక చాక్లెట్. బస్సులో అయితే టికెట్ వెనకాల కండక్టర్ పెన్నుతో రాసిచ్చే అంకె. దిగేటప్పుడు గుర్తుపెట్టుకుని అడిగి తీసుకోవాలి. ఇంకో పద్ధతి కూడా ఉంది. ఇద్దరు ప్రయాణికులకి కలిపి ఒకే నోటు ఇచ్చి "మీరిద్దరూ పంచుకోండి" అనడం. ముక్కూ మొహం తెలియని ఇద్దరు మనుషులు ఆ ఒక్క నోటు పట్టుకుని సోడా బండి వెతుక్కుంటూ వెళ్ళడం మీలో చాలామంది చూసే ఉంటారు.

వీటిని చూసి నవ్వుకుంటాం గానీ, ఆ చాక్లెటూ ఆ టికెట్ వెనక అంకే రెండూ ఒక రకంగా డబ్బే. ప్రభుత్వం తయారుచేయని డబ్బు. అయితే రెంటికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. చాక్లెట్‌ని నోట్లో వేసుకుంటే లెక్క అక్కడితో తీరిపోతుంది. టికెట్ వెనక అంకె అలా కాదు. అది ఒక మాట. "నీకు నేను ఇంత బాకీ" అన్న మాట. రాసినవాడు నిలబెట్టుకుంటేనే దానికి విలువ. ఈ తేడాని మనసులో పెట్టుకోండి. ఈ వ్యాసం మొత్తం దాని చుట్టూనే తిరుగుతుంది.

ఇంతకీ విషయం ఏమిటంటే, నేను టోకెన్లు పోగేస్తాను. హాస్టల్ మెస్ టోకెన్లు కాదు (అవీ ఉన్నాయనుకోండి). 1860లలో అమెరికా అంతర్యుద్ధం జరుగుతున్నప్పుడు చిల్లర నాణేలు మాయమైపోతే, అక్కడి దుకాణాలవాళ్ళు సొంతంగా కొట్టించుకున్న రాగి, ఇత్తడి బిళ్ళలు. వీటిని సివిల్ వార్ టోకెన్లు అంటారు. మా అక్క ఒహాయోలో ఉద్యోగం చేస్తోంది. రెండేళ్ళ క్రితం అక్కడ జరిగిన ఒక నాణేల ప్రదర్శనలో నాకోసం ఒకటి కొంది. "ఈ చిలుము పట్టిన ముక్కకి ఇరవై డాలర్లేంట్రా?" అని ఫోన్‌లో ఒకటే సణుగుడు. ఇప్పుడు నా దగ్గర తొమ్మిది ఉన్నాయి. ఇప్పుడు సణగడం మానేసి, సెలవు రోజు వస్తే ఎక్కడ ప్రదర్శన ఉందా అని తనే వెతుకుతోంది.

నాణేలు ఎందుకు మాయమయ్యాయి?

అంతర్యుద్ధం 1861 ఏప్రిల్‌లో మొదలైంది. యుద్ధం అంటే ఖర్చు. ప్రభుత్వం అప్పుల మీద అప్పులు చేస్తుంటే, చేతిలో ఉన్న బంగారం, వెండి బయటికి వదలకూడదని జనానికి అనిపించింది. 1861 డిసెంబర్ 30న న్యూయార్క్ బ్యాంకులు కాగితం తెస్తే బంగారం ఇవ్వడం ఆపేశాయి. 1862 ఫిబ్రవరి 25న ప్రభుత్వం కొత్త చట్టం చేసి, వెనకాల బంగారం హామీ లేని కాగితం డాలర్లు విడుదల చేసింది. వెనకవైపు ఆకుపచ్చ రంగు ఉండటం వల్ల వాటికి గ్రీన్‌బ్యాక్‌లు అని పేరు వచ్చింది.

ఇప్పుడు మీ జేబులో రెండు రకాల డాలర్లు ఉన్నాయి అనుకోండి. ఒకటి వెండిది. ఒకటి రోజురోజుకీ విలువ తగ్గుతున్న కాగితం. కొట్టువాడు రెంటినీ ఒకే ధరకి తీసుకుంటాడు. మీరు ఏది ఖర్చుపెడతారు? కాగితమే కదా. అందరూ అదే పని చేస్తే బజారులో తిరిగేది కాగితం, ఇనప్పెట్టెలో పడుకునేది వెండి. దీన్నే ఎకనమిక్స్‌లో గ్రెషమ్ సూత్రం అంటారు. చెడ్డ డబ్బు మంచి డబ్బుని తరిమేస్తుంది. దాచిపెట్టినది పోగా మిగిలిన వెండి నాణేలు ఎక్కువ విలువ ఇచ్చే కెనడా వైపు వెళ్ళిపోయాయి. 1862 వేసవి మధ్యకి వచ్చేసరికి బజారులో వెండి చిల్లర లేదు.

మిగిలింది ఒక్క సెంటు నాణెం. అప్పట్లో అది 88 శాతం రాగి, 12 శాతం నికెల్ కలిపిన 4.67 గ్రాముల మందపాటి బిళ్ళ. అందులో బంగారమూ లేదు, వెండీ లేదు. మరి దాన్నెందుకు దాచుకున్నారు? ఎందుకంటే చేతికి గట్టిగా తగిలే డబ్బు అదొక్కటే మిగిలింది. మనిషి భయపడినప్పుడు లెక్క వెయ్యడు, పట్టుకోగలిగింది పట్టుకుంటాడు. 1862లో ప్రభుత్వ టంకశాల 2 కోట్ల 80 లక్షల సెంట్లు కొట్టింది. 1863లో ఏకంగా 4 కోట్ల 98 లక్షలు కొట్టింది. అయినా చాల్లేదు. కుండకి చిల్లు పడ్డాక ఎన్ని బిందెల నీళ్ళు పోస్తే ఏం లాభం?

చిల్లర లేకపోతే నష్టపోయేది ఎవరో గమనించండి. వంద డాలర్ల సరుకు కొనేవాడికి ఇబ్బంది లేదు, నోటిస్తాడు. మూడు సెంట్ల రొట్టె కొనేవాడికి, పేపర్లు అమ్మే కుర్రాడికి, రోజుకూలీకి, వాళ్ళకి సరుకులమ్మే చిన్న కొట్టుకి బండి ఆగిపోతుంది. చిల్లర కరువు ఎప్పుడూ చిన్నవాళ్ళ కరువే.

జేబులో స్టాంపులు, కిటికీలో అభ్రకం

మొదట జనం పట్టుకున్నది పోస్టేజీ స్టాంపుల్ని. స్టాంపు మీద ధర అచ్చువేసి ఉంటుంది, ప్రభుత్వం ఇచ్చినదే, ఎక్కడైనా చెల్లుతుంది. 1862 జూలై 17న స్టాంపుల్ని చిల్లరగా వాడుకోవచ్చని చట్టమే వచ్చింది. కానీ వెనకాల జిగురు ఉన్న కాగితాన్ని చెమట పట్టిన జేబులో వేసుకుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. నాలుగు చేతులు మారేసరికి ముద్దయిపోయేది. కొట్లవాళ్ళు తమ పేరు అచ్చువేసిన చిన్న కవర్లలో స్టాంపులు పెట్టి ఇవ్వడం మొదలుపెట్టారు.

జాన్ గాల్ట్ అనే ఆయనకి ఇంకో ఆలోచన వచ్చింది. గుండ్రటి ఇత్తడి చట్రంలో స్టాంపు పెట్టి, పైన పారదర్శకమైన అభ్రకం పలక బిగించాడు. అభ్రకం అంటే మన గూడూరు గనుల వల్ల మనకి బాగా తెలిసిన ఖనిజమే. పల్చగా పొరలు పొరలుగా ఊడుతుంది, గాజులా పగలదు. 1862 ఆగస్టు 12న దీనికి పేటెంట్ వచ్చింది. ఇందులో అసలు తెలివి వెనకవైపు ఉంది. ఇత్తడి మీద వ్యాపార ప్రకటన అచ్చుకొట్టి, ఆ జాగాని కంపెనీలకి అమ్మాడు. డబ్బు వెనకాల యాడ్ అన్నమాట! ఇవి ఇప్పుడు బాగా ఖరీదు. నా దగ్గర లేవు. ఫొటోలు చూసి తృప్తిపడుతున్నాను.

బిళ్ళలు వచ్చాయి

1862 చివర్లో సిన్సినాటి ప్రాంతంలో మొదలై, 1863కల్లా న్యూయార్క్, డెట్రాయిట్, షికాగో లాంటి ఉత్తరాది ఊళ్ళన్నిటికీ టోకెన్లు పాకాయి. రొట్టెలవాడు, మందుల షాపువాడు, కసాయి, సారా కొట్టువాడు, శవపేటికలు చేసేవాడు, ప్రతివాడూ డైలు చెక్కేవాళ్ళ దగ్గరికి వెళ్ళి తన పేరుతో బిళ్ళలు కొట్టించుకున్నాడు. మొత్తం రెండున్నర కోట్ల బిళ్ళలు తిరిగాయని ఒక అంచనా. దక్షిణాదిలో మాత్రం ఇవి దాదాపు కనిపించవు.

వీటిలో రెండు ప్రధాన రకాలు ఉన్నాయి. ఒకటి, దుకాణం పేరు, వీధి పేరు ఉన్నవి. వీటిని స్టోర్ కార్డులు అంటారు. ఇవి విజిటింగ్ కార్డు, చిల్లర డబ్బు రెండూ ఒకటే. న్యూయార్క్‌లో బ్రోస్ బ్రదర్స్ అనే పై తయారుచేసే బేకరీవాళ్ళవి ఉన్నాయి. ఫెలిక్స్ అనే ఆయన భోజనశాల బిళ్ళ మీద యూదుల ఆహార నియమం ప్రకారం వండుతామని చెప్పే 'కోషర్' మాట హీబ్రూ లిపిలో ఉంటుంది. ఒక బిళ్ళ చూస్తే ఆ వీధిలో ఎవరు తినేవాళ్ళో తెలుస్తుంది.

రెండో రకం మీద ఏ దుకాణం పేరూ ఉండదు. జెండా, డేగ, ఫిరంగి, ఏదో ఒక నినాదం ఉంటాయి. వీటిని పేట్రియాటిక్ టోకెన్లు అంటారు. ఇనప కవచం తొడుక్కున్న మానిటర్ యుద్ధనౌక బొమ్మ ఉన్నవి కూడా వీటిలో ఉన్నాయి. ఆ నౌక 1862 మార్చిలో హాంప్టన్ రోడ్స్ దగ్గర పోరాడింది. మరుసటి ఏడాదికే రాగి మీదికి ఎక్కేసింది.

నాకు బాగా నచ్చినవి మూడు.

మొదటిది మోసమో లౌక్యమో తేల్చుకోలేని బిళ్ళ. దూరం నుంచి చూస్తే 'ఒక సెంటు' అని పెద్ద అక్షరాలు. కళ్ళకి దగ్గరగా పెట్టుకుంటే పైన చిన్నగా 'కాదు' అని ఇంకో మాట. కలిపి చదివితే 'ఒక సెంటు కాదు'. ప్రభుత్వ నాణేన్ని నకిలీ చేశావని ఎవరైనా పట్టుకుంటే "కాదనే కదండీ రాశాను" అనొచ్చు. అశ్వత్థామ హతః, కుంజరః టైపు. ధర్మరాజు గొంతు తగ్గించాడు, వీళ్ళు అక్షరం తగ్గించారు.

రెండోది జాన్ డిక్స్ బిళ్ళ. యుద్ధానికి ముందు, 1861 జనవరిలో ఆర్థికమంత్రిగా ఉన్న డిక్స్, అమెరికా జెండాని ఎవరైనా దించబోతే అక్కడికక్కడే కాల్చిపారెయ్యండి అని తంతి పంపాడు. ఆ మాటే బిళ్ళల మీదికి వచ్చింది. ఒక డై చెక్కిన మహానుభావుడు 'స్పాట్' అనే మాటలో ఒక 'ఓ' ఎక్కువ చెక్కి 'స్పూట్' చేసేశాడు. డై మీద తప్పు జరిగితే కొట్టిన ప్రతి బిళ్ళ మీదా ఆ తప్పే. నూట అరవై ఏళ్ళుగా కలెక్టర్లు ఆ అక్షరదోషాన్ని వెతుక్కుని మరీ కొంటున్నారు. మన సెమిస్టర్ రికార్డుల్లో తప్పులకి ఆ గౌరవం ఎప్పుడొస్తుందో!

మూడోది చూస్తే నవ్వు రాదు. ఒకవైపు 'కాంట్రాక్టర్లకి లక్షలు' అని ఉంటుంది. రెండోవైపు 'వితంతువులకి ఒక్క సెంటూ లేదు' అని ఉంటుంది. 1863 నాటిది. బూట్లు, దుప్పట్లు సైన్యానికి అమ్మి కొందరు మేడలు కడుతుంటే, మొగుడు పోయిన ఆడవాళ్ళ సంగతి పట్టించుకునేవాళ్ళు లేరన్న కోపం అది. ఆ కోపాన్ని ఒక సెంటు బిళ్ళ మీద కొట్టి, రొట్టెల కొట్టుకీ సారా కొట్టుకీ మధ్య తిప్పారు. పేపర్లో రాసిన ఎడిటోరియల్ మర్నాడు పొట్లం అవుతుంది. ఈ బిళ్ళ మాత్రం ఇంకా మాట్లాడుతోంది.

పదిలక్షల బిళ్ళల పెద్దమనిషి

ఇప్పుడు ఆ మొదటి తేడా దగ్గరికి వద్దాం. బిళ్ళ అంటే మాట అనుకున్నాం. మరి మాట తప్పితే?

న్యూయార్క్‌లో గుస్తావస్ లిండెన్‌ముల్లర్ అని ఒక సారా దుకాణం యజమాని ఉండేవాడు. బిళ్ళ మీద ఒకవైపు గడ్డంతో ఉన్న సొంత మొహం, రెండోవైపు బీరు గ్లాసు వేయించాడు. 1863లో పది లక్షలకి పైగా బిళ్ళలు వదిలాడని చెబుతారు. లెక్క వేయండి. ఒక్కోటి ఒక సెంటు చొప్పున పది లక్షల సెంట్లంటే పదివేల డాలర్లు. అతనికి బిళ్ళ తయారీకి అయిన ఖర్చు సెంటుకన్నా తక్కువే. ఆ మిగులు, ప్లస్ ఆ బిళ్ళలు ఎప్పటికీ తిరిగి రాకపోతే వచ్చే మొత్తం, అంతా అతని జేబులోకే. ప్రభుత్వం నాణెం కొడితే వచ్చే లాభాన్ని ఇక్కడ ఒక బారు యజమాని తీసుకున్నాడన్నమాట.

వీధిలో గుర్రాల ట్రాములు నడిపే థర్డ్ ఎవెన్యూ రైల్‌రోడ్ కంపెనీకి ఛార్జీల రూపంలో ఆ బిళ్ళలు కుప్పలుగా చేరాయట. ఒకరోజు ఆ కంపెనీవాళ్ళు అన్నీ పట్టుకెళ్ళి "వీటికి డబ్బులివ్వండి" అన్నారట. లిండెన్‌ముల్లర్ నవ్వి పంపేశాడట. కంపెనీ చేయగలిగింది ఏమీ లేకపోయింది. ఇది కలెక్టర్లంతా చెప్పుకునే కథ. ప్రభుత్వం ఈ బిళ్ళల్ని ఆపడానికి ఇలాంటి సంఘటనలు కూడా ఒక కారణం అంటారు.

1864 ఏప్రిల్ 22న వచ్చిన చట్టం సెంటు నాణేన్ని మార్చేసింది. మందపాటి రాగి-నికెల్ బదులు 95 శాతం రాగితో 3.11 గ్రాముల పల్చటి కంచు సెంటు వచ్చింది. ఇందులో ఒక తమాషా ఉంది. పల్చటి కంచు బిళ్ళని జనం పేచీ లేకుండా తీసుకుంటారని నిరూపించింది ఎవరు? ఈ దుకాణదార్లే. టంకశాల వాళ్ళ దగ్గర పాఠం నేర్చుకుని, తర్వాత వాళ్ళ కొట్టే మూయించింది. 1864 జూన్ 8న ఇంకో చట్టం వచ్చి, డబ్బుగా చెలామణి అయ్యేలా ఎవరూ సొంతంగా ఏ లోహంతోనూ ఏ డిజైన్‌తోనూ నాణెం కొట్టకూడదని తేల్చేసింది. మొత్తం కథ రెండేళ్ళ లోపే ముగిసింది.

పోగెయ్యడం ఎలా?

ఇక మన బ్రాంచ్ సంగతి. నేను మెకానికల్ కాబట్టి నాకు ఈ బిళ్ళల్లో డైలు కనిపిస్తాయి.

ఒక బిళ్ళ కొట్టాలంటే రెండు ఉక్కు డైలు కావాలి. కింద ఒకటి, పైన ఒకటి, మధ్యలో ఖాళీ లోహపు బిళ్ళ. తయారీదారు దగ్గర పది డైలు ఉన్నాయనుకోండి. ఏ రెంటినైనా జతచేయొచ్చు. పది నుంచి రెండు ఎన్ని రకాలుగా తీయొచ్చు? 45. అదే జతని రాగి మీద కొట్టొచ్చు, ఇత్తడి మీద కొట్టొచ్చు. అప్పుడు 90. అందుకే ఈ టోకెన్లలో వేల రకాలు ఉన్నాయి. ఇంకో కారణం కూడా ఉంది. యుద్ధం జరుగుతున్నప్పుడే కలెక్టర్లు పుట్టుకొచ్చారు. వాళ్ళకి అమ్ముకోవడానికే కొందరు తయారీదార్లు చిత్రమైన జతలు, వెండి మీద కొట్టినవి, పాత నాణేల మీదే మళ్ళీ కొట్టినవి తయారుచేశారు. అంటే అరుదైన బిళ్ళ అంతా బజారులో తిరిగిన బిళ్ళ కాదు. నాకైతే అరిగిపోయిన మామూలు బిళ్ళే ఇష్టం. అరిగిందంటే ఎవరో దాంతో రొట్టె కొనుక్కున్నారని అర్థం.

ఇన్ని వేల రకాల్ని ఒక క్రమంలో పెట్టింది మెల్విన్ ఫుల్డ్, జార్జ్ ఫుల్డ్ అనే తండ్రీకొడుకులు. వాళ్ళకన్నా ముందు 1924లో హెట్రిచ్, గుట్టాగ్ అనే ఇద్దరు ఒక పుస్తకం వేశారు. ఇప్పుడు అందరూ వాడేది ఫుల్డ్ నంబర్లే. స్టోర్ కార్డు నంబర్ మన హాల్‌టికెట్ నంబర్ లాంటిది. మొదట రాష్ట్రం, తర్వాత ఊరు, తర్వాత దుకాణం, ఆ తర్వాత డై జత, చివర లోహం. ఒహాయో-165 అంటే సిన్సినాటి. న్యూయార్క్-630 అంటే న్యూయార్క్ నగరం. చివర ఇంగ్లీషు చిన్నబడిలో మొదటి అక్షరం ఉంటే రాగి, రెండోది ఉంటే ఇత్తడి. ఎంత అరుదు అన్నదానికి ఆర్-1 నుంచి ఆర్-10 దాకా మెట్లు ఉన్నాయి. ఆర్-1 అంటే అయిదు వేలకి పైగా మిగిలి ఉన్నాయని అంచనా. ఆర్-10 అంటే ప్రపంచంలో ఒక్కటే. 1967 నుంచి వీటికోసం ప్రత్యేకంగా ఒక సొసైటీ కూడా ఉంది.

నకిలీల సంగతి. అచ్చులో పోతపోసిన నకిలీకి అంచు మీద సన్నటి అతుకు గీత ఉంటుంది, ఉపరితలం మీద బుడగల గుంటలు ఉంటాయి. డైతో కొట్టినదానికి అవి ఉండవు. దానికి తోడు మన ఆర్కిమెడిస్ ఉండనే ఉన్నాడు. నా ఇత్తడి బిళ్ళ ఒకటి గాలిలో 3.40 గ్రాములు తూగింది. దారంతో కట్టి డిస్టిల్డ్ వాటర్‌లో వేలాడదీస్తే 0.40 గ్రాములు తగ్గింది. 3.40 బై 0.40, అంటే 8.5. ఇత్తడి సాంద్రత సుమారుగా అంతే. స్వచ్ఛమైన రాగి అయితే 8.96 రావాలి, అంటే 0.38 తగ్గాలి. తేడా 0.02 గ్రాములే. మన ల్యాబ్ త్రాసు 0.01 గ్రాము దాకా చూపిస్తుంది కాబట్టి దీన్నిబట్టి రాగా ఇత్తడా అని గట్టిగా చెప్పలేం, రంగు కూడా చూడాలి. కానీ సీసం (11.34), జింక్ (7.14) పోతలు మాత్రం ఇక్కడే దొరికిపోతాయి.

అన్నిటికన్నా ముఖ్యమైన నియమం, తోమొద్దు! మన ఇళ్ళలో ఇత్తడి వస్తువు కనిపిస్తే చింతపండు పెట్టి రుద్దేదాకా ఊరుకోరు. మా అమ్మకి నా డబ్బా తాళం ఎక్కడుందో ఇప్పటికీ చెప్పలేదు. చింతపండులోని ఆమ్లం పైనున్న ఆక్సైడ్ పొరని తీసేస్తుంది, దాంతోపాటు కాస్త లోహాన్నీ తీసుకుపోతుంది. మిగిలేది గులాబీరంగు మెరుపు, దానికి కలెక్టర్ల దగ్గర సగం ధర కూడా రాదు. మెత్తటి పీవీసీ కవర్లు కూడా వాడకండి, కొన్నాళ్ళకి జిడ్డు వదిలి పచ్చటి మరకలు చేస్తాయి. మాది కాకినాడ వైపు, గాలిలో ఉప్పు, తేమ ఎక్కువ. అందుకని మామూలు కాగితం కవర్లో పెట్టి, డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేస్తాను. కొత్త చెప్పులతో వచ్చే పొట్లమే.

మన దగ్గర

మన దేశంలో ప్రైవేటుగా లోహపు బిళ్ళలు డబ్బులా వాడటాన్ని 1889 నాటి మెటల్ టోకెన్స్ చట్టం నిషేధించింది. 2011లో వచ్చిన కాయినేజ్ చట్టం దాన్ని తనలో కలుపుకుంది. అయినా యుద్ధం వస్తే చిల్లర మాయం కావడం ఇక్కడా జరిగింది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో రూపాయిలో వెండిని సగానికి తగ్గించారు, రూపాయి నోటు తెచ్చారు. రాగి పొదుపు కోసం 1943లో నడిమధ్య పెద్ద చిల్లుతో కాణీ కొట్టారు. మన పెద్దవాళ్ళు చెప్పే చిల్లు కాణీ అదే. దాన్ని కొందరు వాషర్‌గా వాడేసుకున్నారని చెబుతారు. మెకానికల్ వాళ్ళు ఎక్కడైనా ఉంటారు! మోర్వి, జునాగఢ్, బూందీ లాంటి సంస్థానాలు నాణేల బదులు చిన్న అట్ట కూపన్లు జారీచేశాయి. వాటిని ఇప్పుడు కలెక్టర్లు జాగ్రత్తగా దాచుకుంటున్నారు.

తర్వాత కూడా చిల్లర కరువు పోలేదు. చిల్లర నాణేలు కరిగించడం, దాచిపెట్టడం నేరమంటూ 1971లో ఏకంగా ఒక చట్టం చేయాల్సి వచ్చింది. ఆ రోజుల్లో పిఠాపురంలో మా తాతయ్యకి కిరాణా కొట్టు ఉండేది. అట్టపెట్టెలు చిన్న చిన్న ముక్కలుగా కోసి, '5 పై.', '10 పై.' అని రాసి, కొట్టు స్టాంపు గుద్ది, సంతకం పెట్టి ఇచ్చేవాడట. చుట్టుపక్కల నాలుగు కొట్లలో, పాలవాడి దగ్గర కూడా ఆ చీటీలు చెల్లేవి. నేను లిండెన్‌ముల్లర్ కథ చెప్పి, "నువ్వు కూడా బాగా మిగుల్చుకుని ఉంటావు తాతయ్యా, తిరిగి రాని చీటీలన్నీ లాభమే కదా" అన్నాను.

"లాభమేంట్రా? తిరిగి రాని చీటీ అంటే తీరని అప్పు" అన్నాడు.

పద్దు పుస్తకం తీసి చూపించాడు. ఎన్ని చీటీలు ఇచ్చాడో, ఎన్ని వచ్చాయో వరసగా రాసి ఉంది. కొట్టు మూసేసిన ఏడాది పేజీలో చివరి లైను 'రావలసినవి 11'. మొత్తం కలిపి రూపాయి కూడా ఉండదు. కానీ దాన్ని కొట్టెయ్యలేదు.

న్యూయార్క్ బారు యజమాని పుస్తకంలో ఆ లైను లాభాల కింద ఉండి ఉంటుంది. పిఠాపురం పుస్తకంలో అప్పుల కింద ఉంది. బిళ్ళ రెండుచోట్లా ఒకటే, మాట మాత్రం వేరు. ఇప్పుడు మన యాప్ వాలెట్లలో, గిఫ్ట్ కార్డుల్లో, ఎక్కడా వాడలేని 'పాయింట్ల'లో చిన్న చిన్న మొత్తాలు ఇరుక్కుని ఉంటాయి కదా. వాటిని ఇచ్చినవాడు ఏ కాలమ్‌లో రాసుకుంటున్నాడు అన్నదే అడగాల్సిన ప్రశ్న. నూట అరవై ఏళ్ళ నాటి రాగిబిళ్ళ నాకు నేర్పిన పాఠం ఇది.

మీకో పని

అమెరికా టోకెన్లకి కేటలాగులు ఉన్నాయి, సొసైటీ ఉంది, నంబర్లున్నాయి. మన కొట్టు చీటీలకి ఏమీ లేదు. మా తాతయ్య ఇచ్చినవాటిలో ఇప్పుడు మిగిలింది ఒక్కటే. వెనక్కి వచ్చాక అడ్డంగా గీత కొట్టేసిన పది పైసల చీటీ. నా తొమ్మిది టోకెన్లలో ఏదైనా డబ్బు పెడితే మళ్ళీ దొరుకుతుంది. ఇది దొరకదు.

అందుకని ఈ సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు ఒకసారి పాత ట్రంకుపెట్టెలు, పద్దు పుస్తకాలు, దేవుడి గూట్లో చిల్లర డబ్బా వెతకండి. చిల్లు కాణీ, మిల్లు క్యాంటీన్ బిళ్ళ, హోటల్ ఇత్తడి టోకెన్, సినిమా హాలు సైకిల్ స్టాండు బిళ్ళ, కొట్టు చీటీ, ఏదైనా సరే. తోమకుండా రెండువైపులా ఫొటో తీయండి, పక్కన స్కేలు పెట్టండి. అమ్మమ్మ, తాతయ్య, నాన్నమ్మ ఎవరున్నా కూర్చోబెట్టి అడగండి. మన క్లబ్ డ్రైవ్‌లో దీనికోసం ఒక ఫోల్డర్ తెరిచి పెట్టాను.

ఫొటోతోపాటు మూడు సంగతులు తప్పకుండా రాయండి. ఎవరు ఇచ్చారు, ఎంతకి ఇచ్చారు, ఎక్కడెక్కడ చెల్లింది. లోహమో అట్టో మన చేతికి దొరికితే పోదు. ఈ మూడు జవాబులు మాత్రం చెప్పేవాళ్ళతోపాటే పోతాయి.